బహ్లాలో అబూ సుజాత

1996 నవంబరు 14, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మస్కట్‌లోని సీబ్ విమానాశ్రయంలో మా విమానం దిగింది. మా ఆయన రాజలింగం గారు పోయి అప్పటికి సంవత్సరం మూడు నెలల ఐదు రోజులు. ఆయన పదహారేళ్ళు ఉద్యోగం చేసిన దేశానికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. బడి పంతులమ్మను, సెలవులు సరిపోక ఎప్పుడూ వెళ్ళలేదు. రిటైరయ్యాక వెళ్దామనుకున్నాం. ఆ లోపు ఆయన మంచం పట్టారు.

ఊళ్ళు చూడాలని కాదు వెళ్ళింది. మస్కట్‌లోని ఖురంలో ఒక ఆఫీసులో పనిచేసే మా అల్లుడి దగ్గర నుంచి అక్టోబరు 22న ఉత్తరం వచ్చింది. "అత్తయ్యా, సుజాత స్కూలు ఉద్యోగం మానేసింది. బహ్లాలో ఒక గది అద్దెకు మాట్లాడుకుంది. డిసెంబరు ఒకటి నుంచి అక్కడే ఉంటానంటోంది. మామయ్య ఆ ఊళ్ళో తిరుగుతున్నారని నమ్ముతోంది. నా మాట వినడం లేదు. మీరు వస్తే వింటుందేమో" అని రాశాడు. సుజాత మాకు ఒక్కతే కూతురు. అప్పటికి దానికి ముప్పై ఒకటి.

వెళ్ళి చూసి వచ్చినవన్నీ వెళ్ళని వాళ్ళ కోసం వరుసగా రాస్తున్నాను.

ఖురం

మస్కట్ కొండల మధ్య ఇరుక్కున్న తెల్లటి ఊరు. ఇళ్ళకు తెలుపు తప్ప వేరే రంగు దాదాపు కనిపించదు. రోడ్డు మీద కాగితం ముక్క లేదు. కొండల మీద గడ్డిపరక లేదు. మా జగిత్యాలలో ఎండాకాలం బోడిగుట్ట మీద కూడా రెండు తుమ్మచెట్లయినా ఉంటాయి. ఇక్కడి కొండలు కాల్చిన ఇటుకల గుట్టల్లా ఉన్నాయి.

సుజాత తలుపు తీసింది. జాకెట్టు భుజాల దగ్గర రెండంగుళాలు వదులైంది. నా సంచి అందుకుని, నీళ్ళిచ్చి, నేను గ్లాసు కింద పెట్టకముందే చెప్పింది.

"బాపు ఉన్నడే అమ్మా."

"ఎవరు చూసిండ్రు?"

"ముగ్గురు."

"మూడుసార్లా, ముగ్గురా?"

"ముగ్గురు మనుషులు, ఐదుసార్లు. తారీఖులు రాసిపెట్టిన." నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మొదటిది మార్చి 3. ఆఖరిది నవంబరు 7, అంటే నేను రావడానికి వారం ముందు. అన్నీ బహ్లాలోనే, కాలువ గట్టు దగ్గర, పొద్దుటిపూట.

దాని చేతిరాత నాదే. గీతలు కొట్టి గళ్ళు వేసే అలవాటూ నాదే. ఆ పుస్తకాన్ని తప్పని కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు.

మరునాడు శుక్రవారం అల్లుడికి సెలవు. నన్ను మత్రా చేపల బజారుకు తీసుకెళ్ళాడు. వంజరం కిలో ఒకటిన్నర రియాలు. మన లెక్కలో నూట నలభై రూపాయల దగ్గర. బేరమాడితే చేపలబ్బాయి నవ్వి, ధర తగ్గించకుండా ఒక నిమ్మకాయ చేతిలో పెట్టాడు. సుజాత మాతో రాలేదు. తిరిగొచ్చేసరికి వంటింట్లో బాపుకిష్టమైన సర్వపిండి కాలుస్తోంది. నాలుగు వేరే డబ్బాలో సర్ది మూత పెట్టింది.

"ప్రతి గురువారం బహ్లా పోయి కాలువ గట్టు మీద పెట్టొస్త. తెల్లారి పోతే డబ్బ కడిగి ఉంటది. కుక్కలు డబ్బ కడుగుతయానే అమ్మా?" అని అడిగింది.

నిజ్వా దారి

16వ తేదీ, శనివారం, ఉదయం ఏడుంబావుకి బయల్దేరాం. బండి నడిపింది ఖాజా. కడపవాడు, నలభై ఎనిమిదేళ్ళు. మా ఆయన రోడ్ల కంపెనీలో లెవెల్ సర్వేయరు. ఖాజా ఆయన దగ్గర పదకొండేళ్ళు స్టాఫ్ పట్టుకున్నాడు. స్టాఫ్ అంటే అంకెలు రాసిన పొడుగాటి కర్ర. దాన్ని దూరంగా నిలబెడితే సర్వేయరు మిషన్‌లోంచి చూసి నేల ఎత్తుపల్లాలు లెక్క కడతాడు.

మార్చిలో మొదటి కబురు మోసుకొచ్చింది ఖాజానే. బండి ఎక్కగానే ఆ మాట ఎత్తాడు.

"నాదే తప్పమ్మా. బహ్లాలో ఒకాయన 'మీ సార్ కాలువకాడ కనపడినాడు' అంటే, వచ్చి అక్కకు చెప్తి. ఊరికే చెప్తి. అక్క ఇట్ల పట్టుకుంటాదని నాకేం తెలుసు?"

"తప్పేముంది భాయ్, చూసిందే చెప్పినవ్" అంది సుజాత ముందు సీట్లోంచి.

"నేను చూళ్ళేదక్కా. చూసినోళ్ళను చూసినా, అంతే."

దారి పక్కన అక్కడక్కడ సిమెంటు దిమ్మెలు, వాటి మీద తెల్ల రంగుతో అంకెలు. "ఇది సార్ పెట్టిందే... ఇదీ సార్‌దే" అని ఖాజా చూపిస్తూ వచ్చాడు. నిజ్వా చేరేలోపు పద్నాలుగు చూపించాడు. ఏడు అంకె నడుమ అడ్డగీత పెట్టడం ఆయన పద్ధతి. పద్నాలుగింటిలోనూ ఎక్కడ ఏడుంటే అక్కడ ఆ గీత ఉంది.

"మాటలుండవమ్మా మా పనిలో" అన్నాడు ఖాజా. "ఆయన ఈ కొండన, నేను ఆ కొండన. గాలికి అరుపు యాడ వినపడ్తాది? అంతా చేతి సైగలే. కుడి చెయ్యి చాపితే కర్ర కుడికి వంచాల. ఎడమ చాపితే ఎడమకు. మాకిద్దరికీ తెలుసు, ఇంగెవురికీ అర్థం కాదు. క్యాంపులో మావాళ్ళు మమ్మల్ని చూసి మూగ మొగుడూపెళ్ళాలు అనేటోళ్ళు."

చాలా నెలలకు నేను గట్టిగా నవ్వాను. సుజాత కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి పని సులువుగా అవుతుందనుకున్నాను.

నిజ్వాలో హల్వా కొన్నాం. నెయ్యి, కుంకుమపువ్వు వేసి రాగి గంగాళంలో గంటల తరబడి కలుపుతారు. మట్టి గిన్నెలో వేడిగా పోసి ఇస్తారు, పైన మూత నిలవదు. మొదటి మలుపులోనే సగం నా చీర మీదికి వచ్చింది. పసుపు మరక ఇప్పటికీ పోలేదు.

బహ్లా

బహ్లా ఊరు చుట్టూ మట్టిగోడ ఉంది. మైళ్ళ పొడుగునా కొండల మీదికి ఎక్కి దిగుతుంది. మధ్యలో మట్టికోట. సగం కూలింది, సగానికి కర్రలు కట్టి బాగుచేస్తున్నారు. దాని కింద ఎవరూ ఉండని పాత మట్టి ఇళ్ళు వరుసలుగా నిలబడి ఉన్నాయి. కొన్నింటికి తలుపులు వేసి, బయట తాళాలు పెట్టి ఉన్నాయి. వెనక గోడలు మాత్రం లేవు.

బజారు నడుమ ఒక చెట్టు. దానికి ఒకప్పుడు గొలుసు కట్టేవారట. రాత్రికి రాత్రి జిన్నులు దాన్ని ఎత్తుకుపోకుండా అని. నేను నవ్వాను. నిమ్మకాయలమ్మే ముసలాయన మాత్రం నవ్వలేదు. ఆ మాట చెప్పిన ఖాజా కూడా నవ్వలేదు.

మేం దిగింది ఉమ్మ్ సాలిం ఇంట్లో. సాలిం తల్లి అని దానర్థం. ఇక్కడ పెద్దవాళ్ళను బిడ్డ పేరుతో పిలవడం మర్యాద. మా ఆయన 1983 నుంచి రెండేళ్ళు వాళ్ళ ప్రహరీలో ఒక గది అద్దెకు ఉన్నారు. అందుకని బహ్లాలో ఆయన పేరు అబూ సుజాత. సుజాత తండ్రి. ఆమెవాళ్ళది కుండలు చేసే ఇల్లు. ఆమెకు నా వయసుంటుంది, లేదా ఒకటి రెండేళ్ళు ఎక్కువ. సుజాతను చూడగానే ముక్కుకు ముక్కు ఆనించి పలకరించింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి ఒకే మాట అడిగింది.

"ఏం కబుర్లు అని అడుగుతాంది" అన్నాడు ఖాజా.

"మా ఆయన పోయిండు అని చెప్పు."

ఖాజా చెప్పలేదు. "అమ్మా, ముందే అట్ల అనగూడదిక్కడ. 'కబుర్లేం లేవు, అంతా మంచిదే' అనాల. ఇంట్లో సావు జరిగినా సరే. కాఫీ తాగినాకనే అసలు మాట."

"నేనొచ్చిందే ఆ మాట కోసం. చెప్పు."

చెప్పాడు. ఉమ్మ్ సాలిం కాఫీ చెంబు కింద పెట్టి నా మోకాలి మీద చెయ్యి వేసింది. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అబూ సుజాతా? లేదు, లేదు. ఆయన పోలేదంట. దాచినారంట" అన్నాడు ఖాజా.

తర్వాత ఆమె చెప్పిందంతా రాస్తున్నాను. అది ఆ ఊరి నమ్మకం. కొందరు చావాల్సిన వేళకు ముందే పోతారు. నిజానికి వాళ్ళు పోరు. మంత్రం తెలిసినవాళ్ళు వాళ్ళను తీసుకుపోయి కంటికి కనబడకుండా దాస్తారు. ఆ స్థానంలో అదే పోలికతో ఒక దుంగను వదిలి పోతారు. ఇంటివాళ్ళు ఆ దుంగకే ఏడ్చి, ఆ దుంగనే పాతిపెడతారు. అసలు మనిషి ఎక్కడో తోటల్లో మాటలేకుండా పని చేస్తూ ఉంటాడు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరికి, నీళ్ళ దగ్గర కనబడతాడు. ఆమె మేనమామ కొడుకు అలా తొమ్మిదేళ్ళకు కనబడ్డాడట.

చెబుతూనే నా చిన్న కప్పు నింపుతోంది. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలట. నాకు ఎవరూ చెప్పలేదు. ఏడు కప్పులు తాగాను.

తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. స్నానం ఎవరు చేయించారు? ముఖం చివరిసారి ఎవరు చూశారు? ఊపిరి ఆగేటప్పుడు పక్కన ఎవరున్నారు?

మూడింటికీ "నేనే" అన్నాను.

"మీ బిడ్డను ఎందుకు పిలవలేదంట?"

సుజాత నా వైపు చూసింది. ఈ ప్రశ్న అది పదిహేను నెలలుగా నన్ను అడుగుతూనే ఉంది. పోయారని దానికి ఫోను చేసింది మధ్యాహ్నం మూడింటికి. దహనం సాయంత్రం ఐదున్నరకే చేయించాను. అది వచ్చేసరికి చల్లారిన బూడిద తప్ప ఏమీ లేదు. "హఠాత్తుగా పోయిండు బిడ్డా, వాన పడేటట్టుందని ఆగలేదు" అన్నాను అప్పుడు. ఇప్పుడూ అదే అన్నాను.

నేను ఖాళీ చేతులతో రాలేదు. 1987లో దక్షిణాన ఎడారిలో హైమా అనే ఊరి దగ్గర జీపు బోల్తాపడి ఆయన ఎడమ తొడ విరిగింది. ఉక్కు పట్టీ వేసి ఆరు మరలు బిగించారు. ధర్మపురిలో బూడిదలో అస్థికలు ఏరినప్పుడు ఆ పట్టీ దొరికింది. కుంకుమ భరిణెలో పెట్టి తెచ్చాను. చాప మీద గుడ్డ పరిచి పట్టీ పెట్టాను, పక్కన మరలు పెట్టాను.

"ఇదిగో సుజీ. దుంగల ఇనుముంటదా?"

ఉమ్మ్ సాలిం ముట్టుకోలేదు. వేలితో గాలిలోనే పట్టీకున్న రంధ్రాలు లెక్కపెట్టింది. తర్వాత మరలు లెక్కపెట్టింది. నన్ను చూసింది.

ఆరు రంధ్రాలు. ఐదు మరలు. ఆరోది ఎంత జల్లించినా దొరకలేదు. చిన్నది, బూడిదలో జారిపోయి ఉంటుంది.

"చూసినవా అమ్మా" అంది సుజాత. దాని ముఖంలో సంతోషం. "లెక్క కుదరలే."

కాలువ గట్టు

17వ తేదీ, ఆదివారం. ఉదయం ఏడున్నరకి సుజాత నన్ను ఖర్జూరపు తోటలోకి తీసుకెళ్ళింది. కొండల అడుగునుంచి సొరంగం తవ్వి ఊళ్ళోకి తెచ్చిన కాలువ అది. ఫలజ్ అంటారు. మూరెడు వెడల్పు, మోకాలి లోతు. ఇంటింటికీ వంతుల ప్రకారం నీళ్ళు. వంతు మారినప్పుడు ఒక గుడ్డ చుట్టిన రాయిని తీసి ఇంకో చోట పెడతారు. మన చెరువు కింద నీరటి చేసే పని. ఇక్కడ గొంతు లేస్తున్న తగాదా మాత్రం వినబడలేదు. అసలు ఏ గొంతూ వినబడలేదు. పిట్ట కూడా అరవలేదు. నీళ్ళ చప్పుడు ఒక్కటే.

"అమ్మా, ఇగో" అంది సుజాత.

గట్టు మీద తడి మట్టిలో అడుగుల గుర్తులు. చెప్పుల్లేని మగవాడి పాదం. ఎడమ పాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. అడుగులు నీళ్ళ అంచున మొదలై తోటలోకి వెళ్ళాయి. లెక్కపెట్టాను, పదకొండు. పన్నెండోది లేదు. అక్కడ నేల గట్టిపడిందేమో అని వేలితో నొక్కి చూశాను. మెత్తగానే ఉంది. ఇంకో నాలుగు గజాల వరకు మెత్తగానే ఉంది.

నా చేతిసంచిలో కుట్టుపని టేపు ఎప్పుడూ ఉంటుంది. గొంతుక్కూర్చుని మడమ నుంచి మడమకు కొలిచాను. ఇరవై ఎనిమిది అంగుళాలు. తర్వాతిది ముప్పై. మళ్ళీ ఇరవై ఎనిమిది. మళ్ళీ ముప్పై.

1988 జనవరిలో ఆయన కట్టు విప్పాక మా పెరట్లో సున్నం గీతల మీద నడిపించి నేనే కొలిచాను. సర్వేయరుకు తన అడుగు కొలత తెలిసి ఉండాలి. ఎడమకాలు వేస్తే ఇరవై ఎనిమిది, కుడికాలు వేస్తే ముప్పై. ఆ అంకెలు ఆయన నేను తప్ప ఎవరికీ తెలియవు. సుజాతకు కూడా తెలియదు.

తోటలో ఎవరో నా వెనక నిలబడి నేను చదివే అంకె కోసం చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరగలేదు.

"ఎంతొచ్చింది?" అంది సుజాత.

"ఇరవై తొమ్మిది."

"అన్నీనా?"

"అన్నీ."

ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. తెలిసి తప్పు అంకె చెప్పడం అదే మొదటిసారి. చెప్పిన వెంటనే తెలిసింది, ఇక నా దగ్గర మిగిలిన అంకెలు ఏవీ పనికిరావని. నా బిడ్డ ఈ తోటలో గది తీసుకుని ముసలిదవుతుంది. ఆపాలంటే ఒక్కటే దారి.

గట్టు మీద కూర్చున్నాను. ఖాజా పది గజాల దూరంలో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"సుజీ, బాపును నేనే పంపించిన."

"యాడికి?"

"యాడికి లేదు బిడ్డా. సచ్చిపోయిండు. తనే పోతనన్నడు. నేను సాయం జేసిన."

ఆయన జబ్బు 1993లో ఎడమచేతి వేళ్ళతో మొదలైంది. కండలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. మందు లేదన్నారు. 1995 ఏప్రిల్ కల్లా మాట పోయింది, మింగడం పోయింది. పొట్టలోకి గొట్టం వేసి ఆహారం పోసేదాన్ని. తెలివికి మాత్రం చివరిదాకా ఏమీ కాలేదు. అట్ట మీద అక్షరాలు రాసి నేను వేలు జరుపుతుంటే, కావలసిన అక్షరం దగ్గర కన్ను మూసేవారు. జూన్ 11న అడిగారు, ఇక చాలు, గొట్టం తీయించమని. నేను విననట్టు నటించాను. జూలై 2న అడిగారు. కోప్పడ్డాను. జూలై 30న మూడోసారి అడిగారు. ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒక డాక్టరు. పేరు రాయను, ఆయనా ఈ మధ్యే పోయారు. అప్పుడు కబురు పెడితే వచ్చారు. డాక్టరే మా ఆయనను, ఇదే కావాలా అని, రెండుసార్లు అడిగారు. ఆగస్టు 5న గొట్టం తీసి, బాధ తెలియకుండా మందు ఇచ్చారు. నాలుగు రోజులు. బయటికి తెలిస్తే డాక్టరుకు జైలు. అందుకే దహనం తొందరగా చేయించాను.

ఇదంతా చెప్పాను. సుజాత ఏడవలేదు.

"అబద్ధం. కన్ను గొట్టుకుంట అచ్చరాలు జెప్తే నువ్వెట్ల నమ్మినవ్? నీకు తోచింది సదువుకున్నవేమో?"

"మూడోసారి అచ్చరాలు లేవు. ఇట్ల జేసిండు."

కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళు పైకి లేపి, ఒక్క క్షణం ఆపి, అరచేయి తిప్పి నెమ్మదిగా కిందికి దించాను. ఆయనకు అప్పటికి కదిలేవి ఆ రెండు వేళ్ళు, ఆ మణికట్టు, అంతే.

కాలువలో చప్పుడైంది. ఖాజా నీళ్ళలోనే నిలబడిపోయాడు.

"అమ్మా... అది యాడ చూసినారు మీరు?"

"ఏందది భాయ్?" అంది సుజాత.

ఖాజా తన చెయ్యి పైకెత్తాడు. "చెయ్యి పైకెత్తి, తిప్పి, దించితే... రీడింగ్ అయిపాయ, రాసుకున్యా, ఇంగ కర్ర ఎత్తుకొని రా అని. దినమంతా ఎండలో నిలబడి ఆ సైగ కోసమే చూసేవాణ్ణి. ఊరికే చెయ్యడక్కా సార్. రెండుసార్లు చూసుకుంటేగానీ చెయ్యడు." గట్టెక్కి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

సుజాత నా వైపు తిరిగింది.

"నాలుగు దినాలు అన్నవ్."

"నాలుగు."

"నాలుగు దినాలల్ల నేను అచ్చేదాన్ని."

"ఎరుకే."

"ఎరికుండి పిలువలే."

"పిలువలే. బాపే వద్దన్నడు. 'సుజాత వస్తే నేను పోలేను' అని అట్ట మీద చెప్పిండు. ఆ ఒక్క మాటకు నలభై నిమిషాలు పట్టింది."

అది లేచింది. గట్టు మీద పెట్టిన డబ్బా తీసుకుని బండి వైపు నడిచింది. "ఖాజా భాయ్, రేపు హైమా పోదాం, బాపు జీపు పడ్డకాడికి" అంది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు.

హైమా

18వ తేదీ, సోమవారం. బహ్లా నుంచి హైమా నాలుగు వందల కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఆదం అనే ఊరు దాటాక కొండలు అయిపోయాయి, తర్వాత చెట్లు అయిపోయాయి. గులకరాళ్ళ నేల, దాని మీద ఆకాశం. ఎంత వచ్చామో చెప్పడానికి కంటికి ఆనవాలు ఏదీ లేదు. గంటకు నూటపది మీద పోతున్నా బండి నిలబడినట్టే ఉంది. సుజాత దారిలో మూడుసార్లు మాట్లాడింది. మూడుసార్లూ ఖాజాతోనే.

పెట్రోలు బంకు దగ్గర ముఖానికి నల్లటి తోలుముక్కులాంటి ముసుగు పెట్టుకున్న ఒక ఎడారి ఆవిడ మాకు గిన్నెడు ఒంటెపాలు ఇచ్చింది. ఉప్పగా, పలచగా ఉన్నాయి. డబ్బివ్వబోతే ఖాజా నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆవిడ మొదట సుజాతకు ఇచ్చింది, తర్వాత నాకు. నన్ను చూసి ఏదో అంది. "మీ ఇద్దర్లో ఎవరు ముందు మాట్లాడ్తారు అని అడుగుతాంది" అన్నాడు ఖాజా.

హైమాలో బాటసారుల బసలో ఉన్నాం. 19వ తేదీ, మంగళవారం, ఉదయం ఆరుంబావుకి జీపు బోల్తాపడిన చోటుకి బయల్దేరాం. అంత ఎడారిలో ఒక్క చుక్క వాన పడని చోట పొగమంచు ఉంటుందని నాకు తెలియదు. సముద్రం నుంచి వస్తుందట. బండి ముందు దీపాలు కూడా మాకు కనబడలేదు. ఖాజా బండిని అడుగులో అడుగుగా నడిపి, ఒక దిమ్మె పక్కన ఆపాడు. "ఇక్కడేనక్కా."

సుజాత తలుపు తీసి దిగింది. మేం అనేలోపు మంచులోకి నడిచింది. నాలుగు అడుగుల్లో కనబడకుండా పోయింది.

"బాపూ" అని పిలుపు వినబడింది. కుడివైపు నుంచి. కాసేపటికి మళ్ళీ, ఈసారి మా వెనక నుంచి. మూడోది ఎడమ నుంచి, చాలా దూరంగా. అంత తొందరగా మనిషి అటు నుంచి ఇటు నడవలేదు. అది సుజాత గొంతేనా అని ఖాజా నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. అతను నిమిషానికోసారి హారను కొట్టాడు. నేను బండి దిగి, దిమ్మె పక్కన కూర్చుని గడియారం పట్టుకున్నాను. ముప్పై నాలుగుసార్లు కొట్టాడు. నా బిడ్డను కూడా దాచేశారని అనుకున్నాను. బహ్లా మాటలు నమ్మని నేను, ఆ ముప్పై నాలుగు నిమిషాలూ నమ్మాను.

వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా ఎదుట నిలబడింది.

"ఎన్నిగంటలకు పోయిండు?"

"రెండూ ఇరవైకి." సర్టిఫికెట్‌లో ఉన్నది అదే. నేను చెప్పిందే రాశారు.

"నువ్వు సూసినవా? ఊపిరి పోంగ?"

మూడు రోజుల కింద ఉమ్మ్ సాలింకు "నేనే" అన్నాను. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"లేదు."

అది ఇంకో అడుగు ముందుకు వేసింది.

"నాలుగు దినాలు కూసున్న సుజీ. కన్ను మూయలే. ఆఖరి దినం గడియారం చూసిన, రెండూ పది. చెయ్యి పట్టుకునే ఉన్న. కుర్చీలనే కునుకు పట్టింది. మళ్ళ చూస్తే రెండున్నర. చెయ్యి నా చేతిలనే ఉంది. అప్పటికే... మధ్యల ఏదో ఒక అంకె జెప్పాలె గదా. రెండూ ఇరవై అన్న."

ఈ సంగతి అంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకు కూడా చెప్పలేదు.

ఇంకోసారి ఆశ దొరికిందని దాని ముఖం వెలుగుతుందేమో అని భయపడ్డాను. ఆరో మర లేదని చూసినప్పుడు వెలిగినట్టు. వెలగలేదు. నా పక్కన తడి రాళ్ళ మీద కూర్చుంది.

"అంటే నువ్వు గూడ సూడలే" అంది.

"సూడలే."

"ఒక్కడే పోయిండన్నట్టు."

"ఒక్కడే పోయిండు బిడ్డా."

అప్పుడు ఏడ్చింది. పదిహేను నెలల తర్వాత మొదటిసారి. నేను పట్టుకోబోతే ఒక చేత్తో నెట్టింది, ఇంకో చేత్తో నా కొంగు వదల్లేదు. కాసేపటికి, మొదటి రోజు నుంచి చెప్పు అంది. ఆగస్టు 5 పొద్దున్న నుంచి గంట గంటకు చెప్పాను. ఏ గంటకు పెదవులు తడిపాను, ఏ గంటకు రేడియో పెట్టమన్నారు, ఎప్పుడు నవ్వారు. రెండూ పది దాకా చెప్పి ఆపాను.

తొమ్మిదింటికి మంచు విడిపోయింది. రోడ్డు రెండు వైపులా ఖాళీగా ఉంది. రాళ్ళ మధ్య మెత్తటి చోట సుజాత నడిచిన జాడ కనబడింది. వెళ్ళిన జాడ ఒకటి, వచ్చిన జాడ ఒకటి. వాటి పక్కన ఇంకేదీ లేదు. రెండుసార్లు చూశాను.

తిరుగుదారి

బహ్లా మలుపు దగ్గర ఖాజా బండి నెమ్మది చేశాడు. సుజాత గోడ వైపు ఒకసారి చూసింది.

"సీదా పోనియ్ భాయ్. గది వద్దని నువ్వే చెప్పి రా, మళ్ళెప్పుడన్న."

21వ తేదీన నన్ను విమానం ఎక్కించడానికి అల్లుడు వచ్చాడు, సుజాత రాలేదు. జనవరి నుంచి మళ్ళీ స్కూలుకు వెళ్తోందని అల్లుడు రాశాడు. దాని రాత లేదు.

ఈ యాత్రలో పోయినవి, అంతకుముందు పోయినవి కలిపి రాస్తున్నాను. చీర ఒకటి. గొడుగు ఒకటి, హైమా బసలో. కళ్ళజోడులో కుడివైపు అద్దం. సుజాత ఇదివరకు నెలకు రెండు ఉత్తరాలు రాసేది. నేను వచ్చి పదకొండు వారాలు. రావలసినవి ఐదు, రానివి ఐదు. భర్త, వయసు అరవై ఒకటి. కూతురికి తండ్రి పక్కన నాలుగు రోజులు. నాకు ఆఖరి ఇరవై నిమిషాలు.